మళ్ళీ పడిన బొమ్మ

తెలుగు సినిమాకు మాటలొచ్చింది బొంబాయిలో. హెచ్.ఎం. రెడ్డి ‘భక్త ప్రహ్లాద’ ఇక్కడే తయారై, 1932 ఫిబ్రవరి 6న ఇక్కడి కృష్ణా సినిమాలోనే మొదట విడుదలైంది. పాత్రికేయుడు రెంటాల జయదేవ పాత కాగితాలు తవ్వి ఆ తేదీ తేల్చేదాకా, మనం 1931 సెప్టెంబరు అనుకుంటూ పుట్టినరోజులు చేసేశాం. ఆ హాల్లో తొలివారం టిక్కెట్టు కొన్నవాళ్ళెవరై ఉంటారు? మద్రాసు నుంచి రైలెక్కి వచ్చి ఉండరు కదా. నడిచి వెళ్ళేంత దూరంలో కామాఠీపుర ఉంది. తెలంగాణ పల్లెల నుంచి వచ్చి ఈ నగరానికి రాయీ సున్నమూ మోసిన కామాఠీల పేరు మీద వెలసిన పేట. హిరణ్యకశిపుడు తెలుగులో గద్దిస్తుంటే మొదట ఉలిక్కిపడింది ఆ గల్లీల జనమే అయి ఉండాలని నా ఊహ. రుజువు అడక్కండి.

తొంభై మూడేళ్ళ తర్వాత, 2025 జులై 25న, అదే ప్రహ్లాదుడు యానిమేషన్ బొమ్మగా వచ్చాడు. అశ్విన్ కుమార్ తీసిన ‘మహావతార్ నరసింహ’కు తొలిరోజు వచ్చింది రెండు కోట్ల దరిదాపు. ఆ ఆదివారానికి లెక్క మారిపోయింది. చివరికి 300 కోట్లు దాటి, మన దేశంలో అంతకుముందు ఆడిన యానిమేషన్ సినిమాలన్నిటినీ, హాలీవుడ్ స్పైడర్‌మ్యాన్‌తో సహా, వెనక్కి నెట్టింది. తెలుగు జిల్లాల్లో హాళ్ళు నిండాయి. చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్ళారని వార్తలొచ్చాయి. ఇందులో ఏ హీరో లేడు. కటౌటు లేదు, పాలాభిషేకం లేదు, బెనిఫిట్ షో గొడవ లేదు. అయినా నాకు ఆశ్చర్యం వేయలేదు. 1967లో ఏవీయం వారి ‘భక్త ప్రహ్లాద’లో ఎస్వీ రంగారావు కళ్ళెర్రజేస్తే అమ్మ కొంగులో దూరిన పిల్లలే ఇప్పుడు తాతలై, మనుమల్ని వెంటేసుకుని వెళ్ళారు. కథను మనవాళ్ళు ఎప్పుడూ పాతబడనివ్వలేదు. మనిషి మారతాడంతే.

అసలు నేను రాయాలనుకున్నది ఆ ఏడాదే జనవరిలో వచ్చిన ఇంకో బొమ్మ గురించి. ‘రామాయణ: ది లెజెండ్ ఆఫ్ ప్రిన్స్ రామ’. జపానీయుడు యూగో సాకో ఒక డాక్యుమెంటరీ పని మీద 1983లో మన దేశం వచ్చి, రామాయణం మీద మనసు పడి, పదేళ్ళపాటు దాని వెంట తిరిగాడు. పరదేశీ మన రాముణ్ణి ఎలా గీస్తాడని విశ్వహిందూ పరిషత్తు ఉత్తరం రాసింది. ఆయన వాళ్ళను ఒప్పించిన తర్కం నాకు ఇష్టం: రాముడు దేవుడు, దేవుడికి ఒక నటుడి ముఖం అంటించడం కంటే బొమ్మ గీయడమే మేలని. ఎన్టీఆర్ ముఖం తప్ప రాముడికి వేరే ముఖం ఎరగని మనం ఈ మాట విని కాస్త ఇబ్బంది పడాలి. మన వైపు నుంచి దర్శకుల్లో ఒకరు రామ్ మోహన్. 1956లో ఫిల్మ్స్ డివిజన్ కార్టూన్ విభాగంలో చేరి, డిస్నీలో పనిచేసి వచ్చిన క్లెయిర్ వీక్స్ దగ్గర చేయి తిప్పడం నేర్చుకున్నాడు. ఆ ఫిల్మ్స్ డివిజన్ ఉన్న పెడ్డర్ రోడ్డు కామాఠీపురకు పెద్ద దూరమేం కాదు. ఈ రామాయణానికి నాలుగొందల యాభై మంది దాకా చిత్రకారులు లక్ష బొమ్మలు చేత్తో గీశారు. హిందీలో రాముడికి అరుణ్ గోవిల్, రావణుడికి అమ్రీష్ పురి గొంతులిచ్చారు.

బొమ్మ సిద్ధమయ్యేసరికి 1992 డిసెంబరు వచ్చింది. అయోధ్యలో మసీదు కూలింది, బొంబాయి తగలబడింది. నాగ్‌పాడా, కామాఠీపుర చుట్టుపక్కల ఆ చలికాలం ఎలా గడిచిందో చూసినవాళ్ళు ఇప్పటికీ గొంతు తగ్గించి చెబుతారు. ఆ గాలిలో రాముడి సినిమాకు సరైన విడుదల దొరకలేదు. చలనచిత్రోత్సవంలో ఒకసారి కనిపించి పక్కకు పోయింది.

కానీ చాళ్ళలో పిల్లలకు అది తెలుసు. ఎలాగంటే టీవీ. తర్వాత్తర్వాత పిల్లల ఛానళ్ళు సెలవుల్లో, దసరాకు, దీపావళికి దాన్ని వేస్తూ వచ్చాయి. చాల్లో పది గదులకు ఒక గ్యాలరీ. ఎవరింట్లో టీవీ పెట్టినా తలుపు తెరిచే ఉంటుంది కాబట్టి, గడపలో నలుగురు, వాళ్ళ వెనక గ్యాలరీలో ఆరుగురు. వర్లీ బీడీడీ చాళ్ళ పద్మశాలి పిల్లలూ, కామాఠీపుర గల్లీల పిల్లలూ కుంభకర్ణుణ్ణి హిందీలో నేర్చుకున్నారు, అమ్మమ్మలకు తెలుగులో చెప్పారు, బయట మరాఠీలో ఆడుకున్నారు. మౌగ్లీ కూడా అలా వచ్చినవాడే. 1993లో దూరదర్శన్‌లో గుల్జార్ పాటతో వచ్చిన ఆ ‘జంగిల్ బుక్’ కూడా జపాన్ సరుకేనంటే ఇప్పటికీ చాలామంది నమ్మరు.

అందుకే 2025 జనవరి 24న ఆ రామాయణం 4కేలో శుభ్రపడి, తెలుగు, తమిళం, హిందీ కొత్త డబ్బింగులతో, మన విజయేంద్ర ప్రసాద్ సాయంతో హాళ్ళకు వస్తే, దాన్ని రీ-రిలీజ్ అనడానికి నాకు నోరు రాలేదు. నరసింహుడి పక్కన దాని వసూళ్ళు పిల్లకాలువ. అయినా ముప్పై ఏళ్ళు టీవీ అరుగు మీద పెరిగిన బాకీని జనం డబ్బిచ్చి తీర్చారు. చైనాలోనూ ఇలాగే జరిగింది. జపాన్ దర్శకుడు మియజాకీ 1988లో తీసిన ‘టొటోరో’ అక్కడి హాళ్ళకు 2018 డిసెంబరులో గానీ చేరలేదు. దొంగ డిస్కుల్లో చూసి పెరిగినవాళ్ళంతా అప్పుడు వెళ్ళి టిక్కెట్టు కొన్నారు.

డిస్నీ వాళ్ళు దీన్నే వ్యాపారంగా చేశారు. యుద్ధంలో యూరప్ మార్కెట్టు పోయి ఇబ్బందుల్లో ఉన్నప్పుడు, 1937 నాటి ‘స్నో వైట్’ను 1944లో మళ్ళీ వేస్తే డబ్బొచ్చింది. ఆ తర్వాత దాదాపు ఏడేళ్ళకోసారి ఒక్కో పాత బొమ్మను బయటికి తీసేవారు. ఏడేళ్ళలో కొత్త పిల్లల బ్యాచ్ తయారవుతుంది, స్నో వైట్‌కు మాత్రం వయసు రాదు, పారితోషికం పెరగదు. 1940లో నష్టం తెచ్చిన ‘పినోకియో’ కూడా అలా తిరిగి వచ్చే లాభం చూపింది. 2011లో ‘లయన్ కింగ్’ను త్రీడీ చేసి వదిలితే ఒక్క ఉత్తర అమెరికాలోనే తొమ్మిది కోట్ల డాలర్లు దాటింది.

వాళ్ళు దాన్ని వ్యూహం అన్నారు. కామాఠీపుర పక్కన ఫాక్‌లాండ్ రోడ్డులో అది మామూలు శుక్రవారం. ప్లే హౌస్ అన్న పేరు జనం నోట్లో పిలా హౌస్ అయిన ఆ జంక్షన్లో ఆల్ఫ్రెడ్, గుల్షన్, రాయల్, నిషాత్, న్యూ రోషన్ — అన్నీ పక్కపక్కనే. కొత్త సినిమా కొనే తాహతు లేక పాత రీళ్ళు తిప్పేవారు. మిథున్ ఏ యేడు చూసినా అక్కడే. చౌక టిక్కెట్టు, పైన ఫ్యాను, పని దొరకని కూలీకి మూడు గంటల నీడ. ఆల్ఫ్రెడ్‌లో పోస్టర్లు చాలా కాలం చేత్తోనే గీసేవారు, ఆ చిత్రకారుడి మీద జర్మన్లు వచ్చి ఒక డాక్యుమెంటరీ కూడా తీశారు. చేత్తో గీసిన లక్ష బొమ్మల రామాయణానికి చేత్తో గీసిన పోస్టరు పడి ఉంటే చూడ్డానికి బాగుండేది. పడలేదు. ఇంగ్లీషు బొమ్మలకు తలతిక్క హిందీ పేర్లు తగిలించి ఆడించిన నాగ్‌పాడా అలెగ్జాండ్రా ఎప్పుడో మతబోధ సంస్థ అయిపోయింది.

కాబట్టి కామాఠీపురలో ఉండే మా మేనత్తను ఆ రామాయణానికి తీసుకెళ్ళింది లోయర్ పరేల్‌లో, ఒకప్పటి ఫీనిక్స్ మిల్లు ఆవరణలో కట్టిన మాల్‌కు. మామ ఆ చుట్టుపక్కలే ఒక మిల్లులో మగ్గం నడిపినవాడు. 1982 జనవరి సమ్మె తర్వాత ఆ మిల్లు మళ్ళీ ఆయన్ని పిలవలేదు. అత్త ఆ సంగతి ఎత్తలేదు. ఎస్కలేటర్ దగ్గర మాత్రం ఆగి, మనుమడి చెయ్యి పట్టుకుని, కాలు పెట్టాలా వద్దా అని చాలాసేపు చూసింది. పాప్‌కార్న్ ధర విని, “గిండ్ల నెల బియ్యమొస్తయి” అని గట్టిగానే అంది. వెనక వరసలో ఎవరో నవ్వారు, తెలుగువాళ్ళే అయి ఉంటారు.

బొమ్మ పడ్డాక పది నిమిషాలు మాట్లాడలేదు. తర్వాత వాడి చెవిలో, “ఏందిరా, రాములోరికి కండ్లు గంత పెద్దగ ఎప్పుడైనయి?”

“జపానోళ్ళు గీసిండ్రు నానమ్మా. ఆళ్ళ బొమ్మలన్నిటికీ గంతే ఉంటయి.”

“ఆళ్ళకు గంత పెద్దగుంటయా?”

వాడి దగ్గర జవాబు లేదు. కుంభకర్ణుడు లేచినప్పుడు ఇద్దరూ వంగి కూర్చున్నారు. హనుమంతుడు లంక కాల్చినప్పుడు అత్త చప్పట్లు కొట్టింది. హాల్లో ఇంకెవరూ కొట్టలేదు. నేను కొట్టాను, మొహమాటానికి.

బయటికొచ్చాక ఆమె తీర్పు: బాగానే ఉంది కానీ, లవకుశులు రాలేదు కాబట్టి సగం కథే. ‘లవకుశ’ చూసిన తరానికి పట్టాభిషేకంతో ఆగే రామాయణం ఎప్పుడూ సగమే.

జులైలో నరసింహుణ్ణి కూడా చూశారు, ఈసారి నేను లేకుండా. ఆ వారం ఫోన్లో మనుమడు నాకు ఆ నిర్మాతలు ప్రకటించిన జాబితా ఒప్పజెప్పాడు: 2027లో పరశురాముడు, 2029లో రఘునందనుడు, 2031లో ద్వారకాధీశుడు, చివర 2035లో, 2037లో కల్కి రెండు భాగాలు. వాడు అప్పటికి ఉద్యోగంలో ఉంటాడట, అందరికీ టిక్కెట్లు తనే కొంటాడట. పక్కనుంచి అత్త ఫోన్ లాక్కుంది. మ్హాడా హౌసింగ్ బోర్డు వాళ్ళు కామాఠీపుర ముప్పై నాలుగు ఎకరాలూ పడగొట్టి కొత్తగా కడతామంటున్నారు కదా. వర్లీలో బీడీడీ వాళ్ళకు ఆగస్టులో తాళాలిస్తారంట, అయిదొందల అడుగుల ఇండ్లంట. మరి మమ్మల్ని ముందు ఎక్కడికి పంపుతరు, అద్దె ఎవరిస్తరు, నువ్వు పేపర్లు చదువుతవు కదా చెప్పు, అని అడిగింది. నాకు తెలిసింది చెప్పాను. సగం వినకుండానే, “రఘునందనుడు ఎప్పుడన్నవ్ రా?” అని అటు తిరిగి వాణ్ణి మళ్ళీ అడిగింది.