చారల కొండల మీద విమానం

పిల్లలూ! అట్లాసు తీసి ఆస్ట్రేలియా పటం చూడండి. వాయవ్యమూల కింబర్లీ అనే ప్రాంతం ఉన్నది. అక్కడ ఊళ్లు తక్కువ, అడవీ బీడూ ఎక్కువ. అందులోనే బంగిల్ బంగిల్ కొండలున్నవి. గడ్డివాములు పక్కపక్కన వేసినట్టు ఎన్నో గుండ్రని ఇసుకరాతి గుట్టలు! ప్రతి గుట్టకూ అడ్డంగా నారింజరంగు చారలు, నల్లచారలు. తేమ నిలిచే పొరలో కంటికి కనిపించని సూక్ష్మజీవులు పెరిగి నలుపు వస్తుంది. త్వరగా ఆరిపోయే పొరకు ఇనుపతుప్పు రంగు వస్తుంది.

గిజా అనే ఆదివాసులకు ఈ చోటు తరతరాలుగా తెలుసు. వారు దీనిని పూర్ణులులు అంటారు. బయటివారికి మాత్రం 1983లో, ఆకాశంనుంచి తీసిన చిత్రం చూశాకనే దీని సంగతి బాగా తెలిసింది.

ఇప్పుడు కునునుర్రా అనే ఊరినుంచి చిన్న విమానాలు యాత్రికులను తీసుకుపోయి ఈ కొండలు చూపిస్తాయి. సుమారు రెండు గంటల యాత్ర. ఆ ఏర్పాట్లు మనమే చేయాలనుకోండి. ఏమేమి చూసుకోవాలి?

మొదటిది, కాలం. మనకు చలి వేసే డిసెంబరులో అక్కడ ఎండలు, వానలు. కనుక మే మొదలు సెప్టెంబరు లోపల వెళ్లాలి. అదీ ఉదయమే. ఎండ ముదిరితే నేల కాగి వేడిగాలి పైకి లేస్తుంది. అప్పుడు విమానం గతుకులబాటలో బండిలాగా ఊగుతుంది.

రెండవది, విమానం. రెక్క కిటికీకి పైన ఉండాలి. కింద ఉంటే కొండలకు బదులు రెక్కే కనిపిస్తుంది!

మూడవది, బరువు. వేడిగాలి పలచన, అందులో రెక్క మోయగల బరువు తగ్గుతుంది. అందుకే ఎక్కేవారిని తూచి, ఎవరు ఎక్కడ కూర్చోవాలో చెబుతారు. సిగ్గుపడి బరువు తగ్గించి చెప్పరాదు సుమా!

నాలుగవది, తిరుగుప్రయాణం. పోయిరావటానికి చాలినంత ఇంధనమే కాదు, మిగులు కూడా ఉండాలి. దారిలో నింపుకోవటానికి బంకులుండవు.

ఇన్నీ కుదిరినా, మబ్బు చూసి పైలట్ "ఈరోజు వద్దు" అనవచ్చు. నేను హెడ్మాస్టరుగా ఉండగా పిల్లలను పాపికొండలకు తీసుకుపోయాను. పడవ సరంగు ఆకాశం చూసి, "ఇవాళ వద్దండీ" అన్నాడు. పిల్లలు మూతులు ముడుచుకున్నారు. నాకూ కోపం వచ్చింది. సాయంత్రం గోదావరి మీద గాలివాన లేచింది. ఆ సరంగుకు నేను మనసులోనే నమస్కరించాను.

కొండలు ఎక్కడికీ పోవు, పిల్లలూ! రేపైనా చూడవచ్చు. చూసి క్షేమంగా ఇల్లు చేరితేనే యాత్ర పూర్తి అయినట్టు.