సొరకాయ బుర్ర ముట్టుకున్న రోజు



పోయిన వారం మా అక్క కొడుకు ఫోన్ల ఒక పాట పెట్టి, "మామా, ఇది విని చెప్పు, ఏం వాద్యమో" అన్నడు. వాడు నల్లగొండల డిగ్రీ చదువుకుంట పెండ్లిళ్ళకు డీజే కొడుతడు. విన్న. కింద హిప్ హాప్ దరువు, మీద తీగె మీటుతున్న సప్పుడు. "కిన్నెర లెక్క ఉన్నదిరా" అన్న. వాడు పడి పడి నవ్విండు. "కిన్నెర కాదు మామా, బ్యాంజో. అమెరికా పాట. ఓల్డ్ టౌన్ రోడ్."

వాడు నవ్విండు గని నాకు నవ్వు రాలె. ఆ సప్పుడు నన్ను ముప్పై అయిదేండ్ల కిందికి, డిండి వాగు ఇవతల మా మాదిగవాడకు తీస్కపోయింది. ఆ సంగతి చెప్పే ముందు ఈ పాట సంగతి చెప్త.

అమెరికా దక్షిణ రాష్ట్రాల పల్లెపాటను కంట్రీ అంటరు. గుర్రాలు, పొలాలు, దుమ్ము రోడ్లు. అది తెల్లోళ్ళ పాట అని పేరు. హిప్ హాప్ న్యూయార్క్‌ల బ్రాంక్స్ వాడల 1973ల పుట్టిందని చెప్తరు, అది నల్లోళ్ళది. అట్లాంటా దిక్కు లిల్ నాస్ ఎక్స్ అనే నల్ల పిలగాడు కాలేజీ మానేసి, అక్క ఇంట్ల నేల మీద పండుకుంట పాటలు కట్టేటోడు. ఇంటర్నెట్‌ల 30 డాలర్లకు బ్యాంజో ఉన్న ఒక బీటు కొన్నడు. దాని మీద గుర్రాన్ని, పల్లె దారిని పెట్టి 2018 డిసెంబర్‌ల పాట వదిలిండు. 2019 మార్చిల ఆ పాట బిల్‌బోర్డ్ పత్రిక కంట్రీ పట్టికకు ఎక్కింది. ఎక్కినంక పత్రికోళ్ళే దాన్ని పీకేసిండ్రు. ఈ కాలం కంట్రీ పాటకు ఉండాల్సినన్ని లక్షణాలు దానికి లేవన్నరు. తర్వాత బిల్లీ రే సైరస్ అనే తెల్ల కంట్రీ గాయకుడు గొంతు కలిపిండు. అన్ని రకాల పాటలుండే పెద్ద పట్టికల అది 19 వారాలు ఒకటో స్థానంల కూసున్నది. అప్పటిదాక ఏ పాటా అన్ని వారాలు కూసోలె.

మరి ఆ బ్యాంజో ఎవరిది? ఆఫ్రికా నుంచి బానిసలుగ పట్టుకచ్చిన మనుషులు సొరకాయ బుర్రకు తోలు బిగించి, కట్టె గుచ్చి, తీగెలు కట్టి చేసుకున్నది. తర్వాత తెల్లోళ్ళు మొఖాలకు మసి పూసుకొని నల్లోళ్ళను ఎక్కిరించే ఆటలల్ల దాన్ని స్టేజీ ఎక్కించిండ్రు. నడుస్తా నడుస్తా అది తెల్లోళ్ళ వాద్యమైంది. నల్ల పిలగాడు మళ్ళ పట్టుకుంటె, ఇది నీది కాదు పో అన్నరు.

సొరకాయ బుర్ర, తోలు. మాదిగ బిడ్డకు ఈ రెండు మాటలు చెప్తె మిగిలింది సమజైతది.

ఇగ మా వాడ సంగతి.

పంటలు ఇంటికచ్చే కాలంల డక్కలోళ్ళు వచ్చేటోళ్ళు. డక్కలోళ్ళంటే మాదిగలకు ఆశ్రిత కులం. జాంబ పురాణం చెప్తరు. ఏ ఇంటిపేరు ఎక్కడి నుంచి వచ్చిందో, ఎవరి తాత ఎవరో చెప్తరు. అక్షరం మనకు బందు పెట్టిన కాలంల మన చరిత్రను నోట్లె మోసినోళ్ళు వాళ్ళు. దానికి మనం ఇయ్యాల్సిన వాటా తీస్కపోయేటోళ్ళు. ఊరు మనల్ని ఊరి బయట పెట్టింది. మనం వాళ్ళను మన వాడ బయట పెట్టినం.

వాళ్ళు వాడ అవతల యాప చెట్టు కింద దిగేటోళ్ళు. మా నాయినమ్మ చాటల జొన్నలు తీస్కపోయి, వాళ్ళు పరిచిన బట్టల దూరం నుంచే పోసేది. నాకప్పుడు ఏడేండ్లు. ఒక ముసలాయన కిన్నెర ఒడిల పెట్టుకొని పాడుతుంటె దగ్గరికి పోయి దాని బుర్ర మీద చెయ్యి పెట్టిన. తీగె మీటినప్పుడల్ల బుర్ర లోపట వణుకుతున్నది. ఆ వణుకు నా అరచేతిలకు వచ్చింది. ఆయన పాట ఆపలె, నన్ను చూసి నవ్విండు. నాయినమ్మ కేకేసింది. నా రెక్క పట్టి గుంజుకపోయి, బాయి కాడ నెత్తి మీద నీళ్ళు గుమ్మరించింది. ఆయన చూస్తుండంగనే.

బళ్ళె నేను ముట్టుకున్న గ్లాసును కడిగించిన సారు గురించి ఇదే వరుసల రెండేండ్ల కింద రాసిన. మీరంత కండ్ల నీళ్ళు పెట్టుకున్నరు. ఈ యాప చెట్టు సంగతి మాత్రం ఇన్నేండ్లు రాయలె. రాయబుద్ధి కాలె.

డిండి వాగు అవతల పాలమూరు. అక్కడి లింగాల మండలం అవుసలికుంట ఊరోడు దర్శనం మొగులయ్య. డక్కలి బిడ్డ. తాత తండ్రుల నుంచి వచ్చిన పన్నెండు మెట్ల కిన్నెర ఆయనది. వెదురు బొంగు, కింద మూడు సొరకాయ బుర్రలు, తేనె మైనం, మెట్లకు అలుగు పెంకులు. దాని మీద పండుగ సాయన్న కథ పాడుతడు. ఉన్నోళ్ళ కాడ గుంజి పేదోళ్ళకు పంచిన పాలమూరు బహుదూరపు బందిపోటు కథ అది. దొరలకు నచ్చని మనిషిని వీరుడని పాడుడే హిప్ హాప్ అయితే, మొగులయ్య చానా పాత హిప్ హాప్ గాయకుడు. తెలంగాణల ఎనిమిదో తరగతి పిల్లల పుస్తకంల కూడ ఆయన గురించి పాఠం పెట్టిండ్రు.

2021 సెప్టెంబర్ 2న భీమ్లా నాయక్ సినిమా పాట వచ్చింది. మొదట్ల మొగులయ్య గొంతు, కిన్నెర. ఎనక తమన్ కొట్టించిన దరువు. పల్లె తీగె, పట్నం బీటు ఒక్కతాన కలిసినయి. ఆ రోజు మా వాడల ఎవల ఫోన్ చూసినా అదే స్టేటస్. "మన మాదిగ బిడ్డ" అని రాసుకున్నరు. నాయినమ్మ ఉంటె ఏమనేదో అనుకున్న. నేను కూడ స్టేటస్ పెట్టిన. దాచుడెందుకు.

2022ల పద్మశ్రీ వచ్చింది. రాష్ట్ర సర్కారు కోటి రూపాయలు, ఇంటి జాగ ప్రకటించింది. 2024 మే నెలల ఒక వీడియో తిరిగింది. హైదరాబాద్ శివారు తుర్కయాంజాల్ కాడ ఇల్లు కడుతున్న తాన మొగులయ్య కూలి పని చేస్తున్నడు. వచ్చిన పైసలు పిల్లల పెండ్లిళ్ళకు, ఇంటికి అయిపోయినయని, తనకూ కొడుకుకూ నెల నెలా మందుల ఖర్చున్నదని, సర్కారు ఇచ్చే నెలకు పదివేలు ఆగినయని చెప్పుకున్నడు.

ఆ వీడియో కింద కామెంట్లు చదివిన. "కోటి ఇస్తె ఏం చేసుకున్నడు?" మిత్రులారా, అవార్డు అందుకున్న పెద్దకులం సంగీత విద్వాంసున్ని ఎవడన్న పద్దులు చూపియ్యమని అడిగిండా? ఆయనకు ఎనక పొలం ఉంటది, కచేరీలుంటయి, సంగీత కాలేజీల కొలువుంటది. డక్కలి ఇంట్ల పైస ఎక్కడ ఆగుతది? తరతరాల ఆకలి మొదలు ఆ పైసనే తింటది.

నాకు అమెరికల ఇంకొక మనిషి యాదికొచ్చిండు. డిఫర్డ్ బెయిలీ. నల్లాయన, నోటితోని వాయించే హార్మోనికా ఆయన వాద్యం. కంట్రీ పాటకు గుడి లెక్క చూసే రేడియో కార్యక్రమం గ్రాండ్ ఓల్ ఓప్రీకి ఆ పేరు పెట్టింది 1927ల, ఆయన వాయించిన రాత్రి. ఊరూరు తిరిగి వాయించిండు. తోటి తెల్ల గాయకులు దిగిన హోటళ్ళల్ల ఆయనకు మంచం దొరకకపోయేది. 1941ల తీసేసిండ్రు. నాష్‌విల్‌ల బూట్లకు పాలిష్ పెట్టుకుంట బతికిండు. 1982ల చనిపోయిండు. కంట్రీ సంగీతపు హాల్ ఆఫ్ ఫేమ్‌ల పేరు చేర్చింది 2005ల. చనిపోయిన 23 ఏండ్లకు.

పాటలు కలుస్తయి. వాటికి అంటు లేదు. దరువుకు తీగె, తీగెకు గొంతు తోడైతది. పాట కలిసినంక వాద్యం మోసినోన్ని ఎక్కడ కూసోబెట్టినం అన్నదే నా రంది. 2012ల కాపీరైట్ చట్టం సవరించి, సినిమా పాట రాసినోళ్ళకు, బాణీ కట్టినోళ్ళకు, పాడినోళ్ళకు రాయల్టీ హక్కు ఇచ్చిండ్రు. మంచిదే. తరాల నుంచి వచ్చే బాణీ సంగతి వేరే. దాని ఎదురుంగ "జానపదం" అని ఒక్క మాట రాస్తె అయిపాయె. జానపదం అంటే ఎవలిదీ కాదు అని అర్థం చేసిపెట్టిండ్రు. అది ఎవలిదో మా వాడకు తెలుసు. యాప చెట్టు కింద కూసున్నోళ్ళది.

సంఘం మిత్రులకు ఒక మాట. 1994 నుంచి మనం దండోరా వేసినం. "ముందు పోయినోళ్ళు ఎనకున్నోళ్ళ వాటా ఇడిచిపెట్టాలె" అన్నం. 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణల వర్గీకరణ అమలుకు వచ్చింది. మనం రెండో గ్రూపుల, 9 శాతం. డక్కలోళ్ళు మొదటి గ్రూపుల, 15 కులాలకు కలిపి 1 శాతం. ఎప్పుడూ సంచారంల ఉండేటోళ్ళకు కుల సర్టిఫికెట్ తెచ్చుకునుడే ఒక యుద్ధం. వాళ్ళ పిల్లలు డిగ్రీ దాక రాకపోతె ఆ ఒక్క శాతం కాగితం మీదనే ఎండిపోతది. మనం అవతలోళ్ళను అడిగిన న్యాయం మన గుమ్మం కాడికి కూడ వచ్చింది.

అసలు మా పోరడు నాకు ఆ పాట ఎందుకు వినిపిచ్చిండో తర్వాత చెప్పిండు. "మామా, నేను గిట్లనే కొడుత. యూట్యూబ్‌ల కిన్నెర ముక్క కోసి హిప్ హాప్ మీద పెడుత. మన దిక్కు ఓల్డ్ టౌన్ రోడ్ అయితది."

"ఎవల కిన్నెరరా? వాళ్ళ పేరు రాస్తవా? పైసలిస్తవా?" అని అడిగిన, పెద్దమనిషి లెక్క.

వాడు జరసేపు ఊకున్నడు. "ఇస్త మామా, పేరు కూడ రాస్త. గని నువ్వు ఇంతగనం చెప్తున్నవ్, వాళ్ళ ఇంట్ల ఎన్నడన్న నీళ్ళు తాగినవా?" అన్నడు.

ఇరవై ఏండ్ల సంగటన జీవితం నాది. వందల మీటింగులు, వేల కరపత్రాలు. వానికి జవాబు చెప్పలేకపోయిన.

వచ్చే ఆదివారం ఇద్దరం డిండి దాటి పోతున్నం. అచ్చంపేట దిక్కు ఒక డక్కలి గూడెంల కిన్నెర పట్టే ముసలాయన ఉన్నడని తెలిసింది. పిలగాడు రికార్డింగ్ మిషన్ తెస్తడు. ఎంత ఇయ్యాలె, పేరు ఎట్ల రాయాలె అన్నది ఆయననే అడుగుతం. కుదరదంటె తిరిగొస్తం. నేను మాత్రం ముందుగాల మంచినీళ్ళు అడుగుత.

జై భీమ్.