విస్టీరియా లేన్‌లో రహస్యం లేని ఇల్లు

‘డెస్పరేట్ హౌస్‌వైవ్స్’ అనే అమెరికన్ టీవీ సీరియల్ మొదటి ఎపిసోడ్ మొదలైన కాసేపటికే, విస్టీరియా లేన్ అనే వీధిలో మేరీ ఆలిస్ యంగ్ అనే గృహిణి, ఇంటిపనంతా చక్కబెట్టుకుని, అల్మారాలోంచి రివాల్వర్ తీసి కాల్చుకుంటుంది. ఆ తర్వాత ఎనిమిది సీజన్లు, 180 ఎపిసోడ్లు, దాదాపు అంతా చనిపోయిన ఆమె గొంతుతోనే మనం కథ వింటాం. ఆమె ఎందుకు చనిపోయిందో స్నేహితురాళ్లకు అంతుపట్టదు. ఆమె వస్తువుల్లో ఓ ఉత్తరం దొరుకుతుంది. నువ్వు చేసింది నాకు తెలుసు, అందరికీ చెప్పేస్తాను అని అందులోని బెదిరింపు.

రాసిందెవరు, ఆమె చేసిందేమిటి అని చాలామంది ఆలోచనలో పడతారు. గే ప్రేక్షకుడికి ఆ ప్రశ్నలకంటే ముందు ఆ ఉత్తరం పుట్టించే వణుకు తెలుస్తుంది. అలాంటి ఉత్తరం ఏదో ఒకరోజు మా ఇంటికీ వస్తుందని, నాన్న చేతిలో పడుతుందని ఊహించుకుంటూ పెరిగినవాళ్లం మేం. అందుకు మేం ఏ నేరమూ చేయనక్కర్లేదు, క్లాసులో ఒకబ్బాయిని చూసి మనసుపడితే చాలు. అందుకే మేరీ ఆలిస్ ఏం చేసిందో తెలియకముందే, ఆ కాగితం చేతికొచ్చాక ఆమెకు ఇల్లెంత ఇరుకైపోయి ఉంటుందో నాకు అర్థమైపోయింది. రాసింది పక్కింటావిడే, మార్తా హ్యూబర్, డబ్బు కోసం. శవాన్ని మొదట చూసిందీ ఆవిడే. పోలీసులకు ఫోన్ చేశాక, మేరీ ఆలిస్ దగ్గర అరువు తెచ్చుకున్న మిక్సీ మీద పేరున్న చీటీని పీకేసి దాన్ని సొంతం చేసుకుంటుంది. ఒకరి చావు దగ్గర కూడా తన లాభం చూసుకునే ఆ చెయ్యి నాకు ఎనిమిది సీజన్లలోని హత్యలన్నిటికంటే భయంకరంగా కనిపించింది.

ఇదంతా పుట్టించినవాడు మార్క్ చెర్రీ, గే రచయిత. అంతకుముందు ‘ది గోల్డెన్ గర్ల్స్’కు రాశాడు. 2001లో టెక్సస్‌లో ఐదుగురు కన్నబిడ్డల్ని నీళ్లలో ముంచి చంపిన ఆండ్రియా యేట్స్ గురించి టీవీలో వార్తలొస్తుంటే, ఒక తల్లి అంత నిస్పృహకు ఎలా లోనవుతుందని అతను వాళ్లమ్మ దగ్గర అన్నాడట. నేనూ అక్కడిదాకా వెళ్లాను అన్నదట ఆమె. ఆ ఒక్క మాట నుంచి సీరియల్ మొలిచింది. ఇంటిని అద్దంలా ఉంచే తల్లి లోపల ఏముందో అప్పటిదాకా అడగని కొడుకు, ఆరోజు విన్నాడు. ఎపిసోడ్ల పేర్లలో చాలాభాగం స్టీఫెన్ సోండ్‌హైమ్ పాటల నుంచి తీసుకున్నాడు. సోండ్‌హైమ్ కూడా గే. ఆ పేర్లు గుర్తుపట్టినవాళ్లకి, అటునుంచి ఎవరో తమను పేరుపెట్టి పిలిచినట్టుండేది.

ఈ సీరియల్ 2004 అక్టోబర్ 3న ఏబీసీ ఛానెల్లో మొదలైంది. మొదటి రాత్రే రెండు కోట్లకు పైగా జనం చూశారు. సరిగ్గా నెల తిరిగేసరికి, నవంబర్ 2న, అమెరికాలో 11 రాష్ట్రాలు స్వలింగ వివాహాలు చెల్లవని తమ రాజ్యాంగాల్లో రాసుకోవడానికి ఓటేశాయి. ఆ ఓటు వేసిన ఇళ్లలో చాలావాటిలో ఆదివారం రాత్రి ఇదే సీరియల్ నడిచి ఉంటుంది. ఆ వివాహాలను దేశమంతటా నిషేధించే సవరణ కావాలన్న అధ్యక్షుడి భార్య లారా బుష్, 2005లో విలేకరుల విందులో తానూ ఒక డెస్పరేట్ హౌస్‌వైఫ్‌నేనని చెప్పి సభను నవ్వించింది. ఒక గే మనిషి అల్లిన కథ అధ్యక్షుడి ఇంటిదాకా వెళ్లింది, ఆ రచయిత పెళ్లి మాత్రం అప్పట్లో ఆ దేశంలో ఒక్క మసాచుసెట్స్‌లో తప్ప ఎక్కడా చెల్లేది కాదు.

నేను మళ్లీమళ్లీ చూసేది బ్రీ వ్యాన్ డి క్యాంప్ కోసం. మార్సియా క్రాస్ వేసిన పాత్ర. జుట్టు చెదరదు, సూప్ చల్లారదు, ఏడుపొస్తే బాత్రూమ్‌లోకి వెళ్లి ఏడ్చి ముఖం సర్దుకుని వస్తుంది. పదిమందిలో ఎలా నిలబడాలో, చెయ్యి ఎలా ఊపాలో, గొంతు ఏ స్థాయిలో ఉంచాలో లెక్కవేసుకుంటూ బతికిన ఏ గే కుర్రాడికైనా బ్రీ తెలిసిన మనిషే. కానీ కథలో గే కుర్రాడు బ్రీ కొడుకు. ఆండ్రూ తాగి కారు నడిపి, పక్కింటి కార్లోస్ తల్లి హువానిటా సోలిస్‌ను గుద్దేసి పారిపోతాడు. ఆమె కోమాలోకి వెళ్తుంది. బ్రీ, ఆమె భర్త రెక్స్ ఒక్క రాత్రిలో నిర్ణయించుకుంటారు: కారు మాయం కావాలి, కొడుకు బయటపడాలి. అంత పెద్ద పాపాన్ని ఆ తల్లి నోరెత్తకుండా కడుపులో దాచుకుంది.

తర్వాత ఆండ్రూ తను గే అంటాడు. అది దాచుకోవడం ఆమెవల్ల కాలేదు. పాస్టర్‌ని భోజనానికి పిలిచింది. నువ్వు హంతకుడివైనా నేను ప్రేమిస్తానని కొడుకుతో అంది. చెర్రీ తన సంగతి చెప్పినప్పుడు వాళ్లమ్మ అతనితో అన్న మాటే ఇదని తర్వాత తెలిసింది. ప్రేమతో అన్న మాట, అందులో అబద్ధం లేదు. అయినా ప్రేమించడానికి ఆమె వెతుక్కున్న పోలిక చూడండి. నా మట్టుకు మొత్తం సీరియల్‌లో అసలైన మిస్టరీ ఇదే. నేరాన్ని దాచగలిగిన చేతులు నిజాన్ని ఎందుకు పట్టుకోలేకపోయాయి? నేరం ఎవరో ఒకరికి చేసినది, దాన్ని పాతిపెట్టొచ్చు. కొడుకు గే అన్నది మాత్రం రేపు భోజనాల బల్ల దగ్గర ఎదురుగా కూర్చుంటుంది, ఎల్లుండి ఇంకొకణ్ని వెంటబెట్టుకొస్తుంది. చివరికి రెండో సీజన్‌లో బ్రీ ఆ కుర్రాణ్ని కారులో తీసుకెళ్లి, సంచీ చేతిలో పెట్టి, రోడ్డు పక్కన దింపేసి వెళ్లిపోతుంది. అప్పటికి ఆండ్రూ కూడా ఆమెను గాయపరచాల్సినంతా గాయపరిచాడు, ఒప్పుకుంటాను. అయినా ఆ దృశ్యాన్ని నేను పూర్తిగా చూడలేను. అలా దింపేసిన ఇళ్లు నాకు తెలుసు.

2007లో, నాలుగో సీజన్‌లో, బాబ్, లీ అనే జంట ఆ వీధిలోకి కాపురానికి వచ్చింది. ముందు ఆ వీధి గృహిణుల్లో ఒకరైన సూసన్ వాళ్లతో అతిమర్యాదగా, తడబడుతూ మాట్లాడుతుంది. ఆపైన వీధంతా వాళ్లతో తగాదా పడుతుంది, ఇంటిముందు వాళ్లు పెట్టించిన ఇనుప ఫౌంటెన్ చేసే రొద గురించి. గే జంట మీద పోట్లాట నీళ్ల చప్పుడు గురించి కావడం నాకు ఎంత హాయిగా అనిపించిందో. విస్టీరియా లేన్‌లో ప్రతి సీజన్‌కీ ఒక ఇంట్లో శవమో, నేలమాళిగో, మారుపేరో బయటపడుతుంది. బాబ్, లీ ఇంట్లో అలాంటిదేదీ లేదు. జీవితంలో అందరికంటే ఎక్కువ దాచాల్సివచ్చినవాళ్లకి కథలో దాచడానికేమీ లేకుండా చేశాడు చెర్రీ. దాన్ని కానుకగానే తీసుకున్నాను. అయితే అందులో ఒక లోపమూ ఉంది. రహస్యాల మీద నడిచే కథలో రహస్యం లేనివాడు పక్కపాత్రగానే మిగిలిపోతాడు, వాళ్ల పడకగది తలుపు మనకోసం దాదాపు ఎన్నడూ తెరుచుకోలేదు. 2008 మే 15న కాలిఫోర్నియా సుప్రీంకోర్టు స్వలింగ వివాహాలకు దారిచ్చింది. మూడు రోజులకు ప్రసారమైన సీజన్ చివరి ఎపిసోడ్‌లో బాబ్, లీ ఒకరికొకరు మాట ఇచ్చుకున్నారు. ఆ నవంబర్‌లోనే ఓటర్లు ఆ తీర్పును కొట్టేశారు.

చివరి సీజన్‌లో ఆండ్రూ ఇంటికొస్తాడు, భర్తతో విడిపోయి, డబ్బులేక, ఒక ఉన్నింటి అమ్మాయిని పెళ్లాడబోతున్నానంటూ. ఒకప్పుడు బ్రీ పాస్టర్‌ని పిలిచి మరీ కోరుకున్నది ఇదే. ఇప్పుడు ఆమే ఆ పెళ్లికి ఒప్పుకోదు.

ఇది చూసినప్పుడు నేను విస్టీరియా లేన్‌లో లేను, మన ఊళ్లలో ఉన్నాను. మన దగ్గర స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన 377 సెక్షన్ పీడ 2018 సెప్టెంబర్ 6న వదిలింది. 2023 అక్టోబర్ 17న సుప్రీంకోర్టు స్వలింగ వివాహాల గుర్తింపు కుదరదంది; ఆ గుర్తింపు కోసం పిటిషన్ వేసినవాళ్లలో అప్పట్లో హైదరాబాద్‌లో కాపురముంటున్న జంట కూడా ఉంది. కోర్టులు ఏమన్నా, కొడుకు సంగతి తెలిసీ సంబంధాలు వెతికే అమ్మలు ఆగలేదు. పెళ్లయితే అన్నీ సర్దుకుంటాయంటారు. సర్దుకోవాల్సింది ఏమీ తెలియని ఒక అమ్మాయి. మన సీరియళ్లలో పెళ్లిచూపులకు కొదవలేదు. అలాంటి పెళ్లిచూపుల్లో ఒక తల్లి కాఫీ గ్లాసు కిందపెట్టి, మావాడు గే అండీ, తెలిసి తెలిసి మీ పిల్లకు అన్యాయం చేయలేం అని లేచి నిలబడే ఎపిసోడ్ ఎప్పుడు రాస్తారా అని ఎదురుచూస్తున్నాను.