అరకులో వైఫై గీతలు నిండుగా... నెట్ మాత్రం నిల్!

విశాఖలో పొద్దున్నే కిరండూల్ రైలెక్కితే అరకు చేరేలోపు బోలెడు సొరంగాలు. ప్రతి సొరంగంలోనూ కుర్రాళ్ల కేకలు. ఫోన్‌లో సిగ్నల్ మాత్రం సైలెంట్‌గా జారుకుంటుంది. బొర్రా దాటాక మబ్బులు కిటికీ దాకా వచ్చేశాయి. ఇక ఫోన్ ఎవరు చూస్తారు?

చూడాల్సిన పని మాకుంది. చెల్లి ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌లో కాలేజీల వరుస మార్చుకోవాలి. దానికి ఆ రాత్రే ఆఖరు. "హోమ్‌స్టేలో వైఫై ఉందిగా" అన్న ధైర్యంతో వచ్చేశాం. మ్యూజియం, పద్మాపురం తోట, బొంగు చికెన్... పగలంతా హాయిగా గడిచిపోయింది.

హోమ్‌స్టే ఊరి చివర. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ మొక్కలు, ఆ చెట్లకే పాకిన మిరియాల తీగలు. వాన. మొబైల్ సిగ్నల్ సున్నా. రాత్రి ఎనిమిదికి చెల్లి గదిలో వైఫై పట్టింది, పోయింది, మళ్లీ పట్టింది. రౌటర్ ముందు వరండాలో, మా గది వెనకవైపు, మధ్యలో రెండు మందపాటి గోడలు. పైగా చెల్లి 5 గిగాహెర్ట్జ్ పేరున్న వైఫై ఎంచుకుంది. వేగం దానికే ఎక్కువ, కానీ గోడలు దాటడం దానివల్ల కాదు. అంతదూరం కావాలంటే 2.4 దే. అది మార్చి వరండాలోకొచ్చి కూర్చున్నాం. గీతలు నిండుగా వచ్చాయి. కింద మాత్రం 'కనెక్టెడ్, నో ఇంటర్నెట్' అని!

ఆ గీతలు చెప్పేది ఫోన్‌కీ రౌటర్‌కీ మధ్య సంగతే. రౌటర్ దాటాక లైన్ ఉందో లేదో వాటికి తెలీదు.

ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టి తీశాం. ఫర్గెట్ కొట్టి పాస్‌వర్డ్ మళ్లీ టైప్ చేశాం. ఫోన్ రీస్టార్ట్ చేశాం. ఈలోగా కరెంటు పోయి, వచ్చింది. రౌటర్ లైట్లు వెలగడానికి రెండు నిమిషాలు. చెల్లి కళ్లలో నీళ్లు. "ఏటమ్మా, ఇంకా అవనేదా?" అంటూ హోమ్‌స్టే అక్క వచ్చింది. ఆమె ఫోన్‌లో వీడియో చక్కగా ఆడుతోంది.

నిజానికి మొదటే చూడాల్సింది అది. పక్కవాళ్ల ఫోన్‌లో నెట్ వస్తోందంటే రౌటర్‌నీ లైన్‌నీ తిట్టుకోనక్కర్లేదు, తేడా మన ఫోన్‌లోనే.

"ఈమధ్య సెట్టింగ్స్‌లో ఏమైనా కెలికావా?"

"లేదన్నా... గేమ్‌లో యాడ్స్ రాకుండా ఏదో వీడియో చూసి పెట్టాను, అంతే."

దొరికింది! ప్రైవేట్ డీఎన్‌ఎస్. మనం కొట్టిన వెబ్‌సైట్ పేరుకి అడ్రస్ వెతికిపెట్టేది డీఎన్‌ఎస్. చెల్లి అక్కడ యాడ్స్ ఆపే సర్వర్ పేరు పెట్టింది. మొబైల్ డేటాలో అది బాగానే పనిచేసింది, ఈ వైఫైలో మాత్రం ఆ సర్వర్ అందలేదు. అడ్రస్ దొరక్కపోతే ఫోన్ దృష్టిలో నెట్ లేనట్టే. 'ప్రైవేట్ డీఎన్‌ఎస్ సర్వర్ అందుబాటులో లేదు' అని నోటిఫికేషన్ కూడా వచ్చిందట, మా రాణిగారు పక్కకి తోసేశారు.

సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ విభాగం తెరిచి, ప్రైవేట్ డీఎన్‌ఎస్‌ని ఆటోమేటిక్‌లో పెట్టాం. పది సెకన్లలో వాట్సాప్ మోతలు మొదలు. కొన్ని ఫోన్లలో ఇది 'కనెక్షన్స్' కింద దాక్కుంటుంది. దొరక్కపోతే సెట్టింగ్స్ సెర్చ్‌లో పేరు కొట్టండి.

వరుస మార్చి, సేవ్ చేసి, స్క్రీన్‌షాట్ తీసేసరికి పదీ ఇరవై. అక్క కాఫీ తెచ్చింది, వాళ్ల తోటలోదే. తెల్లారి రైల్లో చెల్లి గేమ్ తెరిచింది. మొదటి సొరంగం రాకముందే ఓ యాడ్ వచ్చింది. నావైపు కోపంగా చూసింది.