కాలూనితేనే కడలి

పడవ నడిపేది చేతులా, కాళ్లా? ఎవర్నడిగినా చేతులనే అంటారు. తెడ్డు పట్టుకునేది అవే కదా! కానీ దివిసీమ పాయల్లో గెడ వేసే మనిషిని కాసేపు గమనిస్తే సంగతి అర్థమవుతుంది. గెడ బురదలో దిగుతుంది. చేతులు దాన్ని వెనక్కి నెడతాయి. ఆ బలం ఒంట్లోంచి పాదాల్లోకి దిగి, పాదాల కింది చెక్కను ముందుకు తోస్తుంది. అప్పుడు కదులుతుంది పడవ. కాలు జారిందా... గెడ అక్కడే ఉంటుంది, పడవ ముందుకెళ్తుంది, మనిషి నీళ్లలో ఉంటాడు!

కృష్ణా డెల్టాలో ఈ కిటుకు తెలియని పనివాళ్లు తక్కువ. గుడివాడ దాటి కొల్లేరు వైపు వెళ్తే తాటిమొద్దు తొలిచి చేసే దోనెలు గుర్తొస్తాయి. సన్నటి దోనెలో నిలబడాలంటే బరువంతా అరికాళ్లతోనే తూచుకోవాలి. గుడివాడ నుంచి బందరు రైలెక్కితే దారిలో పెడన వస్తుంది. అక్కడ గుంటమగ్గం మీద కూర్చున్న నేతగాడి చేతులే అందరికీ కనిపిస్తాయి. గుంటలో తొక్కుడు చెక్కల మీద ఆడే పాదాలు ఎవరికీ కనిపించవు. అవి ఆగితే పోగులు విడవవు, నాడె కదలదు.

ఇప్పుడు ఈ తీరానికి మరో పడవ పరిచయమైంది. దాని పేరు కయాక్. 2025 జూన్‌లో మంగినపూడిలో జరిగిన మసులా బీచ్ ఫెస్టివల్‌లో సముద్రం మీద కయాకింగ్ పోటీలు కూడా పెట్టారు. సన్నగా, పొడుగ్గా, రంగురంగుల చేపల్లా ఉండే ఆ పడవల్ని చూసి పిల్లలు ముచ్చటపడ్డారంటే వింతేముంది! ఇందులో మనిషి నిలబడడు. కాళ్లు చాపుకొని కూర్చుంటాడు. రెండు కొసలా రెక్కలున్న తెడ్డుతో అటొకసారి, ఇటొకసారి నీళ్లు తోస్తాడు. కాళ్లకు పనేమీ లేనట్టే కనిపిస్తుంది. అసలు పని అంతా అక్కడే ఉంది.

కుడివైపు తెడ్డు వేసేటప్పుడు కుడిపాదం గట్టిగా తన్నిపెట్టాలి. అప్పుడు నడుము తిరుగుతుంది, వీపు కలిసొస్తుంది, భుజాలకు భారం తగ్గుతుంది. పాదానికి ఆనుకునే చోటు లేకపోతే నడుము తిరగదు. చేతులొక్కటే లాగాలి. అరగంటకే భుజాలు పట్టేస్తాయి. అందుకే సముద్ర కయాక్ లోపల, రెండు పక్కలా, పాదాలు ఆనించుకునే పలకలు ఉంటాయి. వాటిని ఫుట్‌రెస్ట్‌లంటారు. పడవ కొనేవాళ్లు రంగు చూస్తారు, పొడవు చూస్తారు, ధర చూస్తారు. వీటి సంగతి మాత్రం చాలామంది అడగరు.

ఈ పడవ పుట్టింది మంచుదేశాల్లో. ఉత్తర ధ్రువానికి దగ్గరగా బతికే ఇన్యూట్ జనం వేటకోసం కర్రల చట్రం మీద సీల్ చర్మం బిగించి కట్టుకున్నారు. వాళ్ల పడవ ఎవరిది వాళ్లకే సరిపోయేది. ఎందుకంటే కొలతలు మనిషి ఒంటివే! పొడవు మూడు బారలు, లోపలి వెడల్పు తుంటికి మరో రెండు పిడికిళ్లు... ఇలా ఉండేదట లెక్క. బారలూ మూరలూ జానలతో కొలుచుకున్న తెలుగువాళ్లకు ఇదేమీ కొత్త కాదు. పాదం ఎక్కడ ఆనాలో పడవ కట్టేటప్పుడే తేలిపోయేది.

ఫ్యాక్టరీ పడవలొచ్చాక ఆ లెక్క మారింది. ఒకే అచ్చులో వందల పడవలు పోస్తారు. ఆరడుగుల మనిషీ అందులోనే కూర్చోవాలి, అయిదడుగుల అమ్మాయీ అందులోనే కూర్చోవాలి. ఆ తేడాను సర్దడానికే పలకలను ముందుకూ వెనక్కూ జరుపుకునేలా చేశారు. అసలు చిక్కూ ఇక్కడే. పొద్దున పొడుగాటి మనిషి నడిపిన పడవలో సాయంత్రం ఓ చిన్నపిల్ల కూర్చుంటుంది. పలకలు ఎక్కడున్నాయో ఎవరూ చూడరు. పాదం అందదు. అందుకోవాలని ముందుకు జారుతుంది. నడుము వంగిపోతుంది, పిక్కలు పట్టేస్తాయి. ‘నా వల్ల కాదు, నాకు బలం లేదు’ అనుకొని గట్టెక్కేస్తుంది. లోపం పిల్ల ఒంట్లో లేదు, పలకను నాలుగు గాట్లు వెనక్కి జరపని చేతుల్లో ఉంది. సీటందని సైకిలు ఇచ్చి తొక్కడం రాదన్నట్టే ఇది కూడా!

ఏది మంచిది?

ఈ ఆనికల్లో ముఖ్యంగా నాలుగు రకాలున్నాయి. బీచ్‌లో అద్దెకిచ్చే, పైన కూర్చునే ప్లాస్టిక్ కయాక్‌లలో చాలావాటికి అచ్చులోనే మెట్లు పోసి ఉంటాయి. ఏ మెట్టు అందితే దానిమీద పాదం పెట్టుకోవడమే. విరిగేదీ ఊడేదీ ఏమీ లేదు. కాకపోతే మెట్టుకీ మెట్టుకీ మధ్య కొలత కుదిరితే సరే, లేకపోతే లేదు.

రెండోది పట్టాల మీద జరిగే పలక. పడవ లోపలి గోడకు ఓ పట్టా, దానికి వరసగా గాట్లు, గాట్లలో పడి నిలిచే పలక. ఇంట్లో నలుగురు వాడే పడవకు ఇదే అనువు. కొనేటప్పుడు పలకను చేత్తో గట్టిగా తోసి చూడాలి. ఊగినా, గాటు తప్పినా వద్దు. పాతదాన్ని తీసి కొత్తది వేసేవాళ్లు ముందుగా పట్టా బోల్టుల మధ్య దూరం కొలుచుకోవాలి. లేదంటే పడవకు కొత్త చిల్లులు పెట్టాల్సి వస్తుంది. చిల్లు పెడితే నీరు కారకుండా రబ్బరు వాషరు వేయాలి. బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీలువే కావాలి. మామూలు ఇనుముకు ఉప్పుగాలి ఎంత గడువిస్తుందో బందరులో ఏ ఇంటి కిటికీ చువ్వనడిగినా చెబుతుంది.

మూడోది చుక్కానితో ముడిపడిన పలక. కొన్ని పాత తరహా వాటిలో చుక్కాని తిప్పాలంటే పలక మొత్తం ముందుకు జరుగుతుంది. అంటే గట్టిగా తన్నాల్సిన వేళ కాలికింద నేల కదిలినట్టే! తర్వాత వచ్చినవాటిలో అడుగుభాగం నిలకడగా ఉంటుంది. పైభాగాన్ని కాలివేళ్లతో నొక్కితే చుక్కాని తిరుగుతుంది, కారు యాక్సిలరేటరు మాదిరి. చుక్కాని కావాలనుకుంటే ఇదే మేలు.

నాలుగోది, పడవ ముందుభాగంలోని అడ్డుగోడకు ఆనించే గట్టి నురుగుదిమ్మ. పాదం మొత్తం ఆనుతుంది. ఎటైనా జరుపుకోవచ్చు. గంటల తరబడి నడిపేవాళ్లకు సుఖం. అయితే ఒకరి కొలతకు కోస్తే ఇంకొకరికి పనికిరాదు.

ఎలా అమర్చుకోవాలి?

పడవ నేలమీద ఉండగానే కూర్చోవాలి, నీళ్లలో వేసుకునే చెప్పులతోనే. వీపు వెనక్కి ఆనాలి. వేళ్ల మొదట్లో ఉండే పాదం గుబ్బ పలకకు తగలాలి. మడమలు కిందికి, కాస్త లోపలికి. మోకాళ్లు కొద్దిగా వంగి, పక్కలకు విచ్చుకొని, పైకప్పు అంచుకు అందుబాటులో ఉండాలి. ఊరకే కూర్చున్నప్పుడు పాదం పలకకు తగిలీ తగలనట్టుండాలి. వేళ్లతో నొక్కగానే మోకాళ్లు పైకి బిగుసుకోవాలి. వదలగానే ఒళ్లు వదులవ్వాలి. రెండువైపులా గాట్లు లెక్కపెట్టి సమానంగా పెట్టుకోవాలి. తర్వాత మోకాలి లోతు నీళ్లలో ఓ పావుగంట నడిపి చూడాలి. కాళ్లు తిమ్మిరెక్కితే ఒక గాటు ముందుకు, పాదం అందక లాగితే ఒక గాటు వెనక్కి. ఒంటికి సరిపడే వరకూ ఒక్కో గాటే.

ఇదంతా సుఖం కోసమే కాదు. అల పక్కనుంచి తగిలినప్పుడు పడవను నిలబెట్టేది పాదాలూ మోకాళ్లే. ఆనిక దూరమైతే ఆ పట్టు ఉండదు. మరీ దగ్గరైతే ఇంకో ప్రమాదం. పడవ తిరగబడినప్పుడు మోకాళ్లు ఇరుక్కుంటాయి, బయటికి రావడం కష్టమవుతుంది. పొడుగు లేసులూ, వేలాడే పట్టీలూ ఉన్న చెప్పులు పలకకు చిక్కుకుంటాయి. లైఫ్ జాకెట్ వేసుకొని, నేర్పేవాళ్లు పక్కనుండగా, తిరగబడిన పడవలోంచి బయటికి రావడం ముందే సాధన చేయాలి. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో వేలమందిని పోగొట్టుకున్న సీమ ఇది. సముద్రంతో పరాచికాలు కూడదని ఇక్కడ ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు.

ఒడ్డుకొచ్చాక ఇంకో చిన్న పని. పట్టాల్లో ఇసుక, ఉప్పు చేరితే పలక బిగుసుకుపోతుంది. రెండు బిందెల మంచినీళ్లు పోసి, పలకను నాలుగుసార్లు అటూ ఇటూ జరిపితే చాలు. మళ్లీ వారం కూర్చునేవాళ్లు ఎవరైనా వాళ్ల కాళ్లకు తగ్గట్టు సులువుగా మార్చుకోగలుగుతారు.

ఈ తీరానికి పడవలు కొత్తకాదు. క్రీస్తుశకం ఒకటో శతాబ్దం నాటి గ్రీకు గ్రంథం ‘పెరిప్లస్’ మసాలియా అన్న పేరుతో ఈ ప్రాంతాన్నీ, ఇక్కడి సన్నటి బట్టలనూ ప్రస్తావించింది. తూర్పు తీరంలో దుంగలు జోడించి కట్టే పెద్ద పడవలను ‘సంగర’ అంటారనీ రాసింది. తెలుగులో రెండు దోనెల్ని జతకట్టిన పడవను సంగడి అంటారు. జతగా ఉండే స్నేహితుడు సంగడికాడు. మనిషికీ పడవకూ కుదరాల్సింది కూడా ఆ సంగడే.

ఇళ్లలో ఆడపిల్లకైనా, చిన్నవాళ్లకైనా మొదట చెప్పే మాట ‘సర్దుకుపో’ అని. అన్న చొక్కా తమ్ముడికి, అక్క చెప్పులు చెల్లెలికి. చాలాచోట్ల అలాగే గడిచిపోతుంది కూడా. సముద్రం దగ్గర మాత్రం ఆ మాట చెల్లదు. అక్కడ సర్దాల్సింది పిల్లను కాదు, పలకను. అందుకు పట్టేది రెండే రెండు నిమిషాలు. రేపు మంగినపూడిలోనో, నాగాయలంకలోనో పిల్లల్ని కయాక్ ఎక్కించే అమ్మానాన్నలు ‘భయపడకు’ అని చెప్పేముందు ఒక్క ప్రశ్న అడిగితే చాలు... ‘కాలు అందుతోందా, తల్లీ?’