ఏథెన్స్ ఎండకి బెజవాడ టైమ్‌టేబుల్

నాకు లీవు దొరికింది జులైలోనే. అమ్మకి బీపీ ఉంది. అందుకే ఏథెన్స్‌లో హోటల్ కన్నా ముందు వాతావరణం చూశా. "బెజవాడ ఎండలు చూసినదాన్ని, ఆ ఎండ నన్నేం చేస్తుందిరా?" అంది అమ్మ.

మనకి జులై అంటే వానలు. అక్కడ వానలు ఎక్కువగా చలికాలంలోనే, వేసవంతా పొడి ఎండ. జులైలో పగలు మామూలుగానే 33 డిగ్రీలు దాటుతుంది, వడగాడ్పులొస్తే 40. గాలి పొడిగా ఉండటంతో చెమట పట్టినట్టే ఉండదు. ఒంట్లో నీళ్లు తగ్గుతున్నా తెలీదు. అక్రోపోలిస్ కొండ మీద నీడ చాలా తక్కువ. 2023 జులైలో వడగాడ్పులకి దాన్ని మధ్యాహ్నం పూట మూసేశారు కూడా.

అయితే, మే నెలలో ఒంటిగంటకి అమ్మ బెజవాడ రోడ్డెక్కడం నేనెప్పుడూ చూళ్లేదు. తలుపులేసుకుని ఓ కునుకు తీసేది. పనులన్నీ పొద్దున్నే, లేదంటే చల్లబడ్డాక. ఇన్నేళ్లూ ఆమెని కాపాడింది ఆ టైమ్‌టేబులే. టూర్‌కెళ్లాక, ఇంత ఖర్చుపెట్టాం కదా అని మనం ముందు వదిలేసేది కూడా దాన్నే.

అందుకే ప్లాన్ అలాగే వేశా. పొద్దున ఎనిమిదింటికి గేటు తెరవగానే కొండెక్కడం. పన్నెండు నుంచి ఐదు దాకా గదిలో విశ్రాంతి. జులైలో అక్కడ పొద్దు గూకేది రాత్రి ఎనిమిదిన్నర దాటాకే. ఊరు చూడ్డానికి ఆ సాయంత్రం చాలు.