ఆర్డరు ఉంటే చాలదు, కనబడాలి

టెక్సాస్‌లో ఎమర్జెన్సీ డ్యూటీ చేసే డాక్టరుకు దెబ్బ ఎంత ముఖ్యమో, దానికి చెప్పే కారణమూ అంతే ముఖ్యం. బాత్రూములో జారిపడ్డానంటుంది పేషెంటు. ముంజేతుల వెలుపలి వైపు మాత్రం వరసగా కమిలి ఉంటుంది. మొహానికి చేతులు అడ్డం పెట్టుకున్నవాళ్లకు తగిలే దెబ్బలవి. పీక నులిమిన కేసుల్లో ఒక్కోసారి పైకి మచ్చ కూడా ఉండదు. గొంతు బొంగురుపోయి, మింగితే నొప్పిగా ఉండి, కళ్లలో సన్నటి రక్తపు చుక్కలు కనిపిస్తే మెడలోని రక్తనాళాలకు స్కాన్ తీయిస్తాం.

ఇక్కడి ఫ్యామిలీ కోడ్ ప్రకారం ఇంటి హింస అనుమానం వస్తే డాక్టరు దగ్గర్లోని షెల్టరు వివరాలు పేషెంటుకు ఇవ్వాలి, ఆ సంగతి కేస్ షీట్లో రాయాలి. తుపాకి గాయాలు, వృద్ధుల, వికలాంగుల కేసుల్లో తప్ప పోలీసులకు చెప్పడమా మానడమా అన్నది ఆమె ఇష్టం.

హెచ్-4 వీసామీద వచ్చిన తెలుగమ్మాయిల దగ్గర తరచూ వినే మాట ఒకటుంది: "పోలీసులు వద్దు డాక్టరుగారూ, ఆయన వీసా పోతే నాదీ పోతుంది." రక్షణ ఉత్తర్వు సివిల్ కోర్టు ఇచ్చేదనీ, అడిగినవాళ్ల వీసాతో దానికి నిమిత్తం లేదనీ, దరఖాస్తుకు ఫీజు లేదనీ చెబుతాను. అవసరమైతే అవతలివాళ్లను వినకముందే జడ్జి 20 రోజుల తాత్కాలిక ఉత్తర్వు ఇవ్వగలడు. విచారణ తర్వాత ఇచ్చేది మామూలుగా రెండేళ్ల వరకు ఉంటుంది. అంతా విని ఒకమ్మాయి అడిగింది: "కాయితం చూసి ఆగుతాడాండీ?"

కొందరు ఆగరు. అందుకే ఆ కాయితం పోలీసులకు కనబడాలి. ఒడెస్సా పట్టణంలో 2015లో ఒక యువతిని మాజీ ప్రియుడు చంపేశాడు. అతనికి ఆడవాళ్లను హింసించిన చరిత్ర ఉంది. ఆమె తండ్రి పట్టుదలతో 2019లో ఆమె పేరు మీదే 'మోనికాస్ లా' వచ్చింది, 2020 అక్టోబరులో రక్షణ ఉత్తర్వుల రాష్ట్రవ్యాప్త రిజిస్ట్రీ మొదలైంది. దరఖాస్తయినా ఉత్తర్వయినా 24 గంటల్లోగా కోర్టు క్లర్కు అందులో ఎక్కించాలి. పోలీసులు, ప్రాసిక్యూటర్లు ఉత్తర్వు ప్రతినే తెరిచి చదవవచ్చు. మామూలు జనానికి కనిపించేది నిందితుడి వివరాలే, అదీ బాధితురాలు ఒప్పుకుంటేనే.

దీని విలువ నాకు ఒక బెణికిన మణికట్టులో తెలిసింది. ఉత్తర్వు తెచ్చుకున్న ఒకామె వేరే కౌంటీకి ఇల్లు మారింది. భర్త వెతుక్కుంటూ వచ్చి చెయ్యి పట్టి లాగాడు. ఆమె దగ్గర కాపీ లేదు. వచ్చిన ఆఫీసరుకు ఆమె ముఖపరిచయం కూడా లేదు. అయినా ఆర్డరు రికార్డులో కనిపించింది, అక్కడికక్కడే అతన్ని అరెస్టు చేశారు. కట్టు కట్టి పంపాం. పది నిమిషాలు ఆలస్యమయినా కేసు వేరేగా ఉండేది.

రిజిస్ట్రీకీ లోపాలున్నాయి. ఉత్తర్వు నిందితుడి చేతికి అందకపోతే ఉల్లంఘన నిరూపించడం కష్టం. పేరు తప్పు పడితే వెతికినా దొరకదు. మన ఇంటిపేర్లతో ఈ చిక్కు మరీ ఎక్కువ: పాస్‌పోర్టులో ఒక తీరు, లైసెన్సులో మరో తీరు. అందుకే దరఖాస్తుకు వెళ్లేటప్పుడు అతని పాస్‌పోర్టు కాపీ, పుట్టినతేదీ, కారు నంబరు దొరికితే తీసుకెళ్లమ్మా అని చెబుతాను.

మనదేశంలో 2005 నాటి గృహహింస చట్టం 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది. రక్షణ ఉత్తర్వును ఉల్లంఘిస్తే ఏడాది వరకు జైలు, 20,000 రూపాయల వరకు జరిమానా. ఉత్తర్వు దేశమంతటా చెల్లుతుందని 27వ సెక్షను చెబుతోంది. కాపీలు ఇవ్వమని 24వ సెక్షను చెప్పేది మాత్రం ఇరుపక్షాలకు, ఆ కోర్టు పరిధిలోని పోలీసు స్టేషనుకు, సేవా సంస్థలకే. గుంటూరులో ఆర్డరు తెచ్చుకున్న మనిషి ఖమ్మంలో పుట్టింటికి చేరితే అక్కడి స్టేషనుకు కాపీ పంపాలన్న మాట అందులో లేదు.

అక్కడి డాక్టర్లకు ఒక మాట. ఫిర్యాదు లేకపోయినా వైద్యం చేయాలని, గృహహింస నివేదిక నింపి రక్షణాధికారికి పంపాలని నిబంధనలే చెబుతున్నాయి. దయచేసి ఆ ఫారం నింపండి. రెండు తెలుగు రాష్ట్రాలూ ఈ ఉత్తర్వులన్నిటినీ ఒకే రిజిస్ట్రీలో ఎక్కించి, ఏ స్టేషనులోనైనా అర్ధరాత్రి తెరిచి చూడగలిగేలా చేయాలి. చట్టం ఇచ్చిన రక్షణను నిరూపించుకునే బరువు దెబ్బలు తిన్నామె మీద వేయకూడదు.